ఐస్ కాలేజీ పిల్లల జబ్బు కాదు

పది రోజులుగా మధురవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. "ఐస్, అంటే మెథాంఫెటమైన్, కాలేజీ పిల్లల జబ్బు. ఏ ఊళ్ళో చూసినా ఇంతే. ముప్ఫై దాటితే దానంతట అదే పోతుంది. వైజాగ్‌లో గంజాయి రోజులు పోయాయి, ఇప్పుడంతా ఐసే. పిల్లల బ్యాగులు రోజూ వాసన చూడండి." పంపేవాళ్ళు భయంతోనే పంపుతున్నారు. కానీ ఇందులో ఉన్నవన్నీ తప్పులే. ఆ తప్పుల బరువు మోస్తున్నది పిల్లలు.

మొన్న మా ఎదురింటావిడ ఇంటర్ చదివే కొడుకు బ్యాగుని డైనింగ్ టేబుల్ మీద బోర్లించారు. జామెట్రీ బాక్సు కూడా మూత తీసి వాసన చూశారు. రికార్డు పుస్తకం, సగం తిన్న పల్లీ చిక్కీ, బస్ పాస్. వాడు గోడకి ఆనుకుని, తల దించుకుని నిలబడ్డాడు. గంజాయికైతే ఘాటైన వాసన ఉంటుంది. ఐస్ పలుకులు పటికబెల్లం ముక్కల్లా ఉంటాయి, వాటికి చెప్పుకోదగ్గ వాసనే ఉండదు. ఆ వెతుకులాటలో దొరికింది పిల్లాడి అవమానం ఒక్కటే.

వయసు సంగతి చూద్దాం. అమెరికాలో 2021 జాతీయ సర్వే ప్రకారం ఆ ఏడాది మెత్ (మెథాంఫెటమైన్‌కి పొట్టి పేరు) వాడినవాళ్ళు సుమారు 25 లక్షలు. వాళ్ళలో అత్యధికులు 26 ఏళ్ళు దాటినవాళ్ళే. థాయ్‌లాండ్‌లో దీన్నే కెఫీన్‌తో కలిపి 'యాబా' అనే మాత్రగా అమ్ముతారు. రాత్రంతా బండి నడిపే లారీ డ్రైవర్లు నిద్ర ఆపుకోవడానికి వేసుకునేవాళ్ళు. జపాన్‌లో రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకూ ఫ్యాక్టరీ కార్మికులకూ ఇచ్చారు, 1951లో ప్రత్యేక చట్టం తెచ్చి కట్టడి చేశారు. అంటే ఒళ్ళు అలిసినా పని ఆపలేనివాళ్ళతో దీనికి పాత సంబంధం ఉంది.

మనల్ని దారి తప్పించేది 'మత్తు' అనే మాట కూడా అని నాకనిపిస్తుంది. మత్తు అనగానే తూలేవాడి కోసం, జోగేవాడి కోసం చూస్తాం. మెత్ చేసేది దానికి పూర్తిగా వ్యతిరేకం. రెండు మూడు రోజులు నిద్ర ఉండదు, ఆకలి చచ్చిపోతుంది, మనిషి చిక్కిపోతాడు, పళ్ళు నూరుతాడు, ఎవరో వెంటపడుతున్నారని అనుమానిస్తాడు. నలభై ఏళ్ళ మనిషిలో ఇవి కనిపిస్తే మనం 'డ్యూటీ టెన్షన్' అని సర్దుకుపోతాం.

ఎక్కడైనా ఇంతే అన్నదీ నిజం కాదు. అమెరికాలోనే పశ్చిమ రాష్ట్రాల్లో వాడకం ఎక్కువ, ఈశాన్యంలో చాలా తక్కువ. సరుకు ఏ దారిన వస్తుందో, అక్కడ ముందు నుంచీ ఏ మాదకద్రవ్యం పాతుకుపోయిందో, వాటిని బట్టే ఈ తేడా. మన దేశంలో మయన్మార్ సరిహద్దున ఉన్న మణిపూర్, మిజోరంలకు యాబా బెడద ఉంది. మన పక్కనున్నది పాడేరు, చింతపల్లి ఏజెన్సీ. ఏళ్ళుగా గంజాయి సాగుకు పేరుపడిన ప్రాంతం అది. కేంద్రం 2019లో ప్రకటించిన సర్వేలో, దేశం మొత్తం మీద 10 నుంచి 75 ఏళ్ళవాళ్ళలో గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్ళు 2.8 శాతం, యాంఫెటమైన్ల కోవ ఉత్తేజకాలు (మెత్ కూడా వీటిలోదే) వాడేవాళ్ళు 0.18 శాతం. 2024లో అండమాన్ దగ్గర పడవలో సుమారు 5,500 కిలోల మెత్ పట్టుబడింది నిజమే. సముద్రంలో దొరికిన సరుకును మన వీధి లెక్కలో వేసుకోకూడదు.

ముప్ఫై దాటితే పోతుందా? ఆస్ట్రేలియా జాతీయ సర్వేల్లో ఏడాదిలో మెత్, యాంఫెటమైన్ వాడినవాళ్ళు 2001లో 3.4 శాతం, 2019 నాటికి 1.3 శాతం. వాడేవాళ్ళ సగటు వయసు మాత్రం పెరిగింది. కొత్త కుర్రాళ్ళు తగ్గారు, పాతవాళ్ళు అందులోనే ఉండిపోయారు.

వాళ్ళూ బయటపడగలరు. ఈ అలవాటు మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మాత్ర ఇంకా లేదు, కానీ క్రమం తప్పని కౌన్సెలింగ్ పనిచేస్తుంది. కేసవుతుందని భయపడేవాళ్ళు తెలుసుకోవాల్సింది మాదకద్రవ్యాల కట్టడికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్. వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది, చికిత్స మధ్యలో వదిలేయకూడదు. ముందు మాట్లాడాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది. ఆ మెసేజ్ వచ్చిన గ్రూపులన్నిటిలో నేను ఈ నంబర్ పెట్టాను.