కరిగిపోయిన నాలుగు

మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండిన ఆదివారం నాడు, కేకు మీద పెట్టడానికి మా ఆవిడ దాచి ఉంచిన 4 అంకె కొవ్వొత్తిని నేను తీసుకువెళ్ళి, బెంగళూరు మారతహళ్లిలోని మా ఫ్లాటు బాల్కనీలో, ఎలక్ట్రిక్ స్కూటరు కోసం తయారుచేస్తున్న నమూనా మోటారు మీద రెండు చుక్కల మైనంతో అతికించి నిలబెట్టాను. నా లెక్క ప్రకారం ఆ మోటారు ఒళ్ళు 42 డిగ్రీలు దాటకూడదు, మైనం కరగాలంటే 50 దాటాలి. తెనాలిలో ముప్పై ఏళ్ళు వైండింగు షాపు నడిపిన మా మావగారి ముందు నా విద్యను ప్రదర్శించడానికి ఇంతకంటే చక్కని ఏర్పాటు నాకు తోచలేదు.

మోటారులో తీగ చుట్టే ఇనుప భాగాన్ని కోరు అంటారు. ఆ కోరులో అయస్కాంత క్షేత్రం దిశ మారినప్పుడల్లా ఇనుము మొరాయించి తినే శక్తి హిస్టెరిసిస్ నష్టం. అది ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఆ క్షేత్రం అటూ ఇటూ మారే సైకిళ్ళ సంఖ్య, ఎన్ని రెట్లయితే అన్ని రెట్లు పెరుగుతుంది. రేకుల్లో సుళ్ళు తిరిగే ఎడ్డీ కరెంట్ల నష్టం ఫ్రీక్వెన్సీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది; ఆ సుళ్ళకు అడ్డుకట్టగానే కోరును ముద్ద ఇనుముతో కాక 0.35 మిల్లీమీటర్ల సిలికాన్ స్టీలు రేకులతో పేరుస్తారు. హిస్టెరిసిస్ లెక్కలో 1892లో ఇంజనీరు స్టైన్‌మెట్జ్ ఫ్లక్స్ సాంద్రతకు, అంటే అయస్కాంత క్షేత్రం బలానికి, వేసిన 1.6 అనే ఘాతాన్ని మా రేకుకు ఎంతగా సవరించాలా అని నేను మూడు రాత్రులు నిద్ర మానుకున్నాను. అచ్చుతో కత్తిరించే పంచింగులో రేకుల అంచులు దెబ్బతింటాయి కదా అని, దానికీ కొంత కలిపాను. కోరులో వేడిగా పోయే నష్టానికి అంత నిష్ఠగా తేల్చిన జవాబు 14 వాట్లు, అంటే ఒక ఎల్ఈడీ బల్బు.

మోటారు నిమిషానికి 6000 చుట్లు అందుకుంది. పావుగంట తిరక్కుండానే 4 అంకె పాదం మెత్తబడి, పెద్దలకు నమస్కరిస్తున్నట్టు మావగారి వైపు వంగింది. ఎండ తగులుతోందని అన్నాను. బాల్కనీ పడమటి వైపుది, అప్పుడు టైము ఉదయం తొమ్మిది. మావగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, వేలు తడిచేసుకుని మోటారుకు ఆనించి చటుక్కున లాగేసుకున్నారు.

"అల్లుడుగారూ, పోల్స్ ఎన్నండీ?" అన్నారు. మోటారులోని అయస్కాంత ధ్రువాల లెక్క అది.

"ఎనిమిదండీ."

"నాలుగు పోల్స్ మోటారు పదిహేను వందలు తిరిగితే కరెంటు యాభై సైకిళ్ళు కదండీ. మరి తమరిది?"

నోటి లెక్కకే సెకనుకు 400 సైకిళ్ళు వచ్చాయి. నా మోడల్లో ఉన్నది 100. షాఫ్టు సెకనుకు తిరిగే చుట్లనే ఫ్రీక్వెన్సీగా వేసి, ఎనిమిది పోల్స్ అంటే నాలుగు జతలనీ, ఒక్కో చుట్టుకు నాలుగు సైకిళ్ళు నడుస్తాయనీ మరిచిపోయి, దశాంశాల కోసం రాత్రులు తగలేశాను. హిస్టెరిసిస్ నాలుగు రెట్లు, ఎడ్డీ పదహారు రెట్లు అయి, బల్బు కాస్తా సుమారు 120 వాట్ల పొయ్యి అయింది. ఆయన ఇంకేమీ అనలేదు. చల్లారిపోయిన కాఫీ గ్లాసును మాత్రం నెమ్మదిగా మోటారు మీద పెట్టుకున్నారు.

సాయంత్రం వీధి చివరి బేకరీలో 4 అయిపోయింది, రెండు 2 అంకెలు మాత్రం దొరికాయి. రెండూ కలిపితే నాలుగే కదా అన్నాను. పాపకు ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ నన్ను లెక్కలు అడగకూడదని మా ఆవిడ తీర్మానించింది.