ఏ కొండ నీళ్లు ఇవి?

విశాఖ వన్‌టౌన్‌లో, ఓడలు లోపలికి వచ్చే కాలువ పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఇంకోదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు మత సామరస్యానికి గుర్తుగా వీటిని చూపించడం మనకు అలవాటు. తప్పేం లేదు. కాకపోతే ఏ కొండ మెట్ల మీద నిలబడినా కిందికి కనిపించేది ఒకటే, రేవు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజం కేకే (కొత్తవలస-కిరండుల్) రైలు లైను మీదుగా వచ్చి చేరేది ఇక్కడికే. ఒడిశాలోని పంచపట్‌మాలి కొండ మీద తవ్వి దమన్‌జోడిలో శుద్ధి చేసిన అల్యూమినా, అంటే అల్యూమినియం తీసే తెల్ల పొడి, ఓడెక్కేదీ ఇక్కడే. కొండలు వ్యాగన్లలో దిగి సముద్రం దాటిపోవడాన్ని మూడు మతాల దేవుళ్లూ పై నుంచి చూస్తూనే ఉన్నారు. దాని గురించి ఆ మూడు కొండల మీదా ఎవరైనా ఒక్క ప్రసంగం చేసినట్టు మాకు గుర్తు లేదు.

రేవుకు ఖనిజం దిగినట్టే నగరానికి నీళ్లూ ఆ తూర్పు కనుమల్లోంచే దిగుతాయి. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి తిప్పితే వచ్చే నీటిలో కొంత తాటిపూడి జలాశయానిది, కొంత రైవాడ జలాశయానిది. ఏలేరు కాలువ, మేఘాద్రిగెడ్డ సరేసరి. తాటిపూడి నింపే గోస్థని బొర్రా దగ్గరి కొండల్లో పుట్టి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. రైవాడ కట్టింది శారద మీద, అదీ అనంతగిరి కొండల బిడ్డే. బొర్రా గుహల మీద మేస్తున్న ఆవు ఒక కన్నంలోంచి లోపలికి జారిపోయిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనిపించిందని, ఆ ఆవు వల్లే ఏటికి గోస్థని అని పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెబుతారు. గోస్థని అంటే ఆవు పొదుగు. పాలు తాగేవాడికి పొదుగు దగ్గర ఏం జరుగుతోందో పట్టనవసరం లేదా?

ఆ పొదుగు దగ్గరే ఒకప్పుడు పెద్ద తగువు నడిచింది. బొర్రా పంచాయతీలో కాల్‌సైట్ తవ్వకాలకు ఇచ్చిన లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్లింది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంటున్న నిబంధన, అంటే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం, ప్రభుత్వానికీ వర్తిస్తుందని తేల్చింది. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతరుడి కిందే లెక్క అంది. వ్యాపారంలో వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి అక్కడి నీటి వనరులకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు ఖర్చు చేయాలనీ చెప్పింది. ఆ జాబితాలో నీటికి చోటు దక్కిందన్న సంగతి ఎవరూ పెద్దగా గుర్తు చేయరు. సమత తీర్పు అనగానే గిరిజనుల భూమి గురించిన తీర్పు అంటారు. నిజమే, కానీ అది విశాఖలోని ఎంవీపీ కాలనీ కుళాయి గురించిన తీర్పు కూడా.

గాలికొండ, రక్తకొండ, జెర్రెల, సప్పర్ల. ఈ ఏజెన్సీ కొండల పేర్లు నగరంలో చాలామందికి తెలిసింది అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ వల్లే. తవ్వకాలను సమర్థించేవాళ్లు ఒక మాట అంటుంటారు: ఆ కొండల నెత్తిన పెద్ద చెట్టే లేదు, ఉన్నది గడ్డి, తవ్వేసి మట్టి పరిచి మొక్కలు నాటితే ఇప్పటికంటే పచ్చగా అవుతుంది కదా అని. పైకి చూస్తే సబబుగానే అనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. ఈ కొండల రాయి పేరు ఖోండలైట్. ఇక్కడి కోదులనే గిరిజనుల (ఇంగ్లిషులో ఖోండులు) పేరే దానికి పెట్టారు. ఆ రాయి లక్షల ఏళ్లు వానకు నాని, కరిగేది కరిగిపోగా మిగిలిన చిల్లుల పొరే బాక్సైట్. వాన పడితే స్పాంజిలా పీల్చుకుంటుంది. దాని కింద బంకమన్నులాంటి పొర అడ్డం పడటంతో నీరు నేరుగా దిగిపోకుండా పక్కలకు పాకుతుంది, కొండ నడుముల్లో ఎక్కడో ఒకచోట ఊటగా బయటపడుతుంది. ఊటలు కలిస్తే గెడ్డ, గెడ్డలు కలిస్తే ఏరు. నెత్తిన ఉన్న పొర తీసేస్తే వాన అదే వానైనా నిలవ ఉండదు. ఆగస్టులో ఎర్రగా పొంగిపోతుంది, ఏప్రిల్‌లో చుక్క ఉండదు.

ఏజెన్సీలో చాలా ఊళ్లు ఊట చూసుకుని కట్టుకున్నవే. రాయి సందులోంచి కారే ధారకు వెదురు బద్ద చీల్చి దోనెలా అమరుస్తారు. కింద బిందె పెడతారు. ఎండాకాలం ధార సన్నబడితే ఆడవాళ్లు ఆ పక్కనే బండ మీద కూర్చుంటారు, బిందె నిండేదాకా. కాస్త అదృష్టం ఉన్న ఊరికి గ్రావిటీ పథకం ఉంటుంది. పైన ఊట దగ్గర చిన్న తొట్టె, అక్కడి నుంచి పైపు, ఊళ్లో కుళాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. ఊట ఎండితే మాత్రం ఆ పైపుతో ఏ పనీ లేదు. బోరు వేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఆ రిగ్గు లారీని ఆ దారిలో ఎక్కించి చూపించాలి. గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారులవి.

బాక్సైట్ కోసం 2005లో, 2007లో ప్రైవేటు కంపెనీలతో ఒప్పందాలు జరిగాయి. సమత తీర్పు అడ్డం రాకుండా తవ్వేది ప్రభుత్వ సంస్థ, ఖనిజం వాడుకునేది కంపెనీ అన్న ఏర్పాటు చేశారు. తెలివైన ఏర్పాటే, కోర్టు చెప్పిన అక్షరం బతికి ఉద్దేశం చచ్చిపోయే రకం. 2015 నవంబరులో జీవో 97 ద్వారా జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అటవీ భూమి తవ్వకాలకు ఇచ్చారు. ఏజెన్సీ అంతా భగ్గుమంది. 2019లో వచ్చిన కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. దాన్ని ఈ పత్రిక స్వాగతిస్తుంది. అయితే జీవోతో వచ్చినది జీవోతో పోయింది, మళ్లీ జీవోతోనే రావచ్చు. కొండ ఎక్కడికీ పోలేదు, అందులోని ఖనిజమూ ఎక్కడికీ పోలేదు, అల్యూమినియం గిరాకీ పెరుగుతూనే ఉంది.

పెరగడానికి కారణం కూడా చూడాలి. టన్ను అల్యూమినియానికి రెండు టన్నుల అల్యూమినా కావాలి, దానికి నాలుగైదు టన్నుల బాక్సైట్. కరిగించడానికి దాదాపు 14 వేల యూనిట్ల కరెంటు. సోలార్ ప్యానెల్ ఫ్రేమూ అల్యూమినియమే, ఎలక్ట్రిక్ కారు బాడీలోనూ అదే ఎక్కువవుతోంది. అంటే వాతావరణాన్ని కాపాడే పేరుతోనే ఖనిజం కోసం కొండల మీద ఒత్తిడి పెరుగుతోంది. పంప్డ్ స్టోరేజీ కథా అంతే. పగటిపూట మిగులు సోలార్ కరెంటుతో కింది చెరువులో నీళ్లు పై చెరువుకు తోడటం, సాయంత్రం డిమాండ్ పెరిగినప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం. అనంతగిరి మండలంలో పెదకోట, చింతపల్లి వైపు ఎర్రవరం, ఇలా ఎక్కడెక్కడ పై చెరువు కడతామంటున్నారో అక్కడల్లా ఊళ్లు వద్దంటున్నాయి. సోలార్‌కు మేము వ్యతిరేకం కాదు. బొగ్గు పొడి మింగుతున్న ఊరి పత్రిక అలా అనలేదు. కానీ పోడు, ఊట, శ్మశానం మునిగే చోట గ్రామసభ మాట ముందు వినాలా, సర్వే రాళ్లు ముందు పాతాలా?

ఈ ఎండలకూ వానలకూ కారణమైన పొగలో ఆ కొండవాళ్ల వాటా ఎంత? దెబ్బ మాత్రం ముందు వాళ్లకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక, నీళ్లు లేక నగరం పడిన అవస్థ అందరికీ గుర్తుంది. అదే గాలికి అరకు వైపు కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కాఫీ మొక్కల మీద పడి ఏళ్ల కష్టం నేలపాలైంది. నగరంలో స్తంభాలు కొన్ని వారాల్లో లేచాయి. నీడ చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కాఫీ పూతకు కావాల్సిన వానలు వేళకు రాకపోయినా, కురిసిన వాన ఒక్కరోజులో కొండచరియను జార్చేసినా లెక్క రాసేది ఆ ఇళ్లలోనే.

ఇందులో గుడికి, చర్చికి, దర్గాకు ఏం పని అని అడగవచ్చు. పక్కనే ఒడిశాలోని నియమగిరిని చూద్దాం. డోంగ్రియా కోదులకు ఆ కొండ నియమరాజు అనే దేవుడు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, తవ్వకాలు వాళ్ల ఆరాధన హక్కును దెబ్బతీస్తాయో లేదో గ్రామసభలే చెప్పాలంది. ఆ జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి. అంతకు మూడేళ్ల ముందే, 2010 ఫిబ్రవరిలో, చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఆ కొండ బాక్సైట్ కోసం చూస్తున్న వేదాంత కంపెనీలో తనకున్న 38 లక్షల పౌండ్ల షేర్లను అమ్మేసింది, స్థానికుల హక్కుల విషయంలో కంపెనీ తీరు నచ్చలేదని. అప్పటిదాకా ఆ షేర్లు కొనుక్కుని డివిడెండ్లు తీసుకున్నదీ ఆ చర్చే కదా అని ఎవరైనా అంటే కాదనలేం. మాకు మెచ్చదగ్గదిగా కనిపించింది అదే. ప్రార్థన చేసే ముందు ఇనప్పెట్టె తెరిచి చూసుకున్నారు.

ఎల్ సాల్వడార్‌లో ఇంకా దూరం వెళ్లారు. ఆ చిన్న దేశంలో నదులు పాడైపోతాయని క్యాథలిక్ చర్చి గట్టిగా నిలబడటంతో 2017లో లోహాల తవ్వకాన్ని మొత్తంగా నిషేధించారు. 2024 డిసెంబరులో అదే దేశపు చట్టసభ ఆ నిషేధాన్ని ఎత్తేసింది. బిషప్పులు మళ్లీ సంతకాల సేకరణకు దిగారు. జీవో 97ను రద్దు చేశారు కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

నియమగిరి విషయంలో మాకు ఒక ఇబ్బంది మిగిలే ఉంది. దేవుడున్న కొండకేనా రక్షణ? జెర్రెలకు నియమరాజంత పేరు లేదు. కొండ మీద దేవుడున్నాడని కోర్టులో రుజువు చేసుకుంటే తప్ప కొండ కింద మనిషికి నీటి హక్కు లేదంటే అది న్యాయం కాదు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో రాసిన లేఖలో మంచినీటిని మనిషి మౌలిక హక్కు అన్నారు. పారే ఏటి ఒడ్డున ఉన్నా వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, నీళ్లు వృథా చేయొద్దని ముస్లింలు చిన్నప్పటి నుంచీ వింటారు. పాడేరు అమ్మవారు మోదకొండమ్మ పేరులోనే కొండ ఉంది. మాటలకు ఏ మతంలోనూ కొరత లేదు. ఏజెన్సీలో మతాల పేరుతో ప్రస్తుతం నడుస్తున్న వాదన మాత్రం ఎవరు ఎవరిని తమలో కలుపుకున్నారన్నది. ఊళ్లో గుడి ఉండాలా చర్చి ఉండాలా అని కొట్టుకునేవాళ్లకు ఊట ఎండిపోతే తీర్థానికీ బాప్తిస్మానికీ నీళ్లు ఒకే ట్యాంకర్ నుంచి తెచ్చుకోవాలి. మత పెద్దలు కొండెక్కి ఆదివాసీకి ప్రకృతిని ప్రేమించడం నేర్పనక్కర్లేదు. నగరంలో, తమ భక్తుల ముందు మాట్లాడితే చాలు. ట్రస్టు డబ్బు ఏ కంపెనీల్లో ఉందో చూసుకోవాలి. గనుల కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత నిధులు) కింద కల్యాణ మండపం కట్టిస్తామంటే, ఆ డబ్బు ఏ కొండదని అడగాలి. పాడేరులో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు పోలీసు వ్యాన్ల మధ్య కాక ఊరి చెట్టు కింద పెట్టమని కలెక్టరుకు మూడు కొండల పెద్దలూ కలిసి ఒక్క ఉత్తరం రాస్తే దాని బరువు వేరు.

రుషికొండను తొలిచినప్పుడు ఈ నగరం నెలల తరబడి గోల చేసింది. సముద్రం ఒడ్డున కనిపించే కొండ కాబట్టి. బొర్రా పైన కొండ కంటికి కనిపించదు, గ్లాసులో కనిపిస్తుంది. కొండను దేవుడిగా చూడటం మనకు కొత్త కూడా కాదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది చెప్పుల్లేకుండా సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక మీదుగా. వానకు తడుస్తారు, కాళ్లు బొబ్బలెక్కుతాయి, అయినా ఆగరు. దారి పొడవునా కాలనీలవాళ్లు టెంట్లు వేసి మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు ఇస్తారు. వచ్చే ఆషాఢానికి ఆ నీళ్ల డ్రమ్ములకు ఒక్కో అట్టముక్క కట్టమని దేవస్థానాన్ని, కాలనీ సంఘాలను కోరుతున్నాం. పెద్ద ఖర్చేం కాదు, స్కెచ్ పెన్ను చాలు. తాటిపూడి నీళ్లు ఇచ్చే చోట గోస్థని, బొర్రా కొండలు అని, రైవాడ నీళ్లు ఇచ్చే చోట శారద, అనంతగిరి కొండలు అని రాస్తే సరిపోతుంది.