నోటీసు బోర్డు గారికి పూర్వ విద్యార్థి రాయునది

మహారాజశ్రీ కాలేజీ నోటీసు బోర్డు గారికి,

ప్రిన్సిపాల్ గది పక్క వరండాలో, ఆకుపచ్చ గుడ్డ కప్పుకుని, జాలీ తలుపు వేసుకుని, దానికో బుల్లి తాళం తగిలించుకుని దర్జాగా ఉండేవారు. నేను డిగ్రీలో చేరిన 1979లో హాస్టల్ రేడియో వార్డెన్ గారి గదిలో ఉండేది. పేపరు చేతికందేసరికి సినిమా పేజీ ఎవరో చింపేసేవారు. ఇక మిగిలిన లోకమంతా మీరే.

ఓడిపోయాం అన్న మాట మీ దగ్గర ఒక్కసారీ చదవలేదండీ. కబడ్డీలో పక్క ఊరి కాలేజీ మమ్మల్ని 43-11తో మట్టి కరిపించింది. ఆ జట్టులో నేనూ ఉన్నాను. ఉన్నానంటే, ఎక్కువసేపు గీత బయట ఉన్నాను. మర్నాడు మీరేం చెప్పారు? "మన జట్టు గట్టి పోటీ ఇచ్చి ద్వితీయ స్థానంలో నిలిచింది." ఆడిందే రెండు జట్లు!

నాటక పోటీల సంగతీ అంతే. మా ఏకాంకికలో నాయిక బీకాం ఫైనలియర్ కుర్రాడు. మీసం తీయడానికే వారం బతిమాలించుకున్నాడు. చీర లెక్చరర్ గారింటిది, సవరం ఎవరిదో తెలీదు. ఏడుపు సీనులో తల విదిలించగానే ఆ సవరం వెళ్లి మామగారి ఒళ్లో పడింది. హాలంతా వన్స్‌మోర్! పౌరాణికాల్లో పద్యానికి కొట్టే వన్స్‌మోర్ మాకు సవరానికి దక్కింది. మీ కాగితం మీద మాత్రం "స్త్రీ పాత్రధారికి ప్రేక్షకుల నుంచి విశేష స్పందన". అబద్ధమని ఎలా అంటాం?

సైన్సు దగ్గరే మీరు కాస్త వెనకబడ్డారు. జూలైలో అమెరికా నాసా వాళ్ల 77 టన్నుల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్లలో మేకల్నీ కోళ్లనీ కోసుకు తినేశారు, ఎలాగూ పోతాం కదా అని. హాస్టల్లో అప్పులిచ్చినవాళ్లకే టెన్షన్, తీసుకున్నవాళ్లు హాయిగా నిద్రపోయారు. అది ఆస్ట్రేలియాలో పడ్డ నాలుగో రోజున మీలో సైన్స్ అసోసియేషన్ కాగితం వెలిసింది: "స్కైలాబ్ గురించి విద్యార్థులు భయపడరాదు." అక్కడ ఎస్పరెన్స్ అనే ఊరివాళ్లు చెత్త పడేశారని నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. అప్పట్లో మీకు తెలియలేదు గానీ, తెలిస్తే లైబ్రరీ ఫైను కట్టనివాళ్ల జాబితాలో నా పేరు కింద నాసా పేరు కూడా టైపు కొట్టించేవారు.

ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడింది. మన శాస్త్రవేత్తలు దాన్ని పాక్షిక విజయం అన్నారు. మొదటి అంచె బాగానే మండింది, చెడింది రెండో అంచె నియంత్రణలో, కాబట్టి వాళ్లన్నదానికి అర్థముంది. కానీ ఆ ముక్క మనకి ఆటలు నేర్పే పీడీ గారి కంట పడింది. ఆ ఏడాది మేం వాలీబాల్‌లో పాక్షికంగా గెలిచాం, ఖోఖోలో పాక్షికంగా గెలిచాం, వానకి ఆగిపోయిన క్రికెట్ మ్యాచ్ కూడా పాక్షికంగా గెలిచాం.

మరుసటి ఏడు, 1980 జూలై 18న, అదే ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టేసింది. పాక్షికం గీక్షికం ఏమీ లేదు, అసలు సిసలు గెలుపు. వార్డెన్ గారి రేడియోలో విని పరిగెత్తుకుంటూ మీ దగ్గరికొచ్చాం. మీకు తాళం వేసుంది. అటెండరు తాళంచెవి మొలతాడుకి కట్టుకుని నాట్లకి ఊరెళ్లాడట. జాలీలోంచి తొంగి చూస్తే, తుప్పు పట్టిన గుండుసూదికి వేలాడుతూ ఒకటే పాత కాగితం: "స్కైలాబ్ గురించి విద్యార్థులు భయపడరాదు."

ఇట్లు,
ఫైను ఇంకా బాకీ ఉన్న
మీ పూర్వ విద్యార్థి