నిద్ర, తిండి అడగని కేస్‌షీట్లు

‘నిద్ర పట్టట్లేదు సిస్టర్, అన్నం సయించట్లేదు.’ విజయవాడలో అయినా గుంటూరులో అయినా మానసిక సమస్య ఆసుపత్రి గడప తొక్కేది చాలావరకు ఈ మాటలతోనే. దిగులుగా ఉందనో, బతకాలని లేదనో ఓపీలో నోరు తెరిచి చెప్పేవారు అరుదు. నీరసం, గుండెదడ, ఒళ్లునొప్పులు అంటారు. ఓ బలం ఇంజక్షన్, గ్యాస్ మాత్ర తీసుకుని తిరిగి వెళ్లిపోతారు. మానసిక రుగ్మతలున్నవారిలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ అగాధంలో కొంతయినా పూడ్చగలిగినవారు వార్డులో రోజంతా రోగి పక్కన ఉండే నర్సులే. కానీ వారి చేతికిచ్చే కాగితంలో బీపీ, నాడి, జ్వరం, షుగర్‌లకు గళ్లుంటాయి. నిద్రకూ తిండికీ ఉంటే గింటే ‘బాగుంది’ అని ఒక టిక్కు.

విచిత్రమేమంటే పల్లెలో ఈ పని మొదలైంది. 30 ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ (జీవనశైలి జబ్బుల ముప్పు అంచనా) పత్రంలో కుంగుబాటును పసిగట్టే పీహెచ్‌క్యూ-2 ప్రశ్నలు రెండూ ఉన్నాయి: గత రెండు వారాల్లో పనులపై ఆసక్తి తగ్గిందా, దిగులుగా, నిరాశగా ఉందా అని. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3 వస్తే లోతుగా చూడాలి. ఇంటి అరుగు మీద అడుగుతున్న ప్రశ్న వార్డులో మంచం దగ్గర ఎందుకు అడగరు?

నిద్ర గురించి అడగడానికి మూడు నిమిషాలు చాలు. ఎన్నింటికి పడుకుంటారు, పట్టడానికి ఎంతసేపు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ, తెల్లవారుజామున ఎన్నింటికి లేస్తారు, పగలు తూగుతారా. ‘బాగా పడుతోందా’ అంటే ‘ఆ’ అనేస్తారు కాబట్టి గంటల్లోనే అడగాలి. పడుకున్నాక అరగంటకు పైగా దొర్లడం వారానికి మూడు రాత్రులైనా ఉంటే రాసిపెట్టాలి. రోజూ లేచే వేళకు రెండు గంటల ముందే మెలకువ వచ్చి, ఆ పూటే మనసు మరీ బరువుగా ఉంటోందంటే తీవ్ర కుంగుబాటును అనుమానించాలి. మూడు గంటలే పడుకుని అలసటే లేదని, మాటల వరద పారిస్తున్నవారిది నిద్రలేమి కాదు, మేనియా (అతి ఉత్సాహం, ఉద్రేకం ముంచెత్తే మానసిక స్థితి) కావచ్చు. ఈ తేడా గమనించి డాక్టరుకు చెప్పకపోతే కుంగుబాటు మందు ఒక్కటే మొదలై పరిస్థితి ఇంకా రేగవచ్చు.

అలాగని నిద్ర పట్టని ప్రతివారికీ మానసిక వ్యాధి అంటగట్టకూడదు. ముందు మందుల చీటీ చూడాలి. సాయంత్రం వేసిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది. రాత్రి ఇచ్చిన ఫ్రూసెమైడ్, అంటే నీరు తీసే మందు, మూత్రానికి నాలుగుసార్లు లేపుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసం ఉన్నా అంతే. గురక, మధ్యలో ఊపిరి ఆగడం, పగటి తూగు ఉంటే, నిద్రలో ఊపిరి ఆగే జబ్బును పసిగట్టే స్టాప్-బ్యాంగ్ ప్రశ్నలు ఎనిమిదీ అడగాలి. రాత్రంతా లైట్లు వేసి, తెల్లారకముందే రక్తం తీసే వార్డులో రోగికి నిద్ర లేదంటే తప్పు వార్డుదే. పగలంతా మత్తుగా ఉండి రాత్రి మంచం దిగి వెళ్లబోయే పెద్దాయనది ముసలితనం చాదస్తమని వదిలేస్తుంటారు. ఒకటి రెండు రోజుల్లోనే ఇలా మారితే అది డెలిరియం (ఒంట్లోని జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం), ఇన్ఫెక్షనో సోడియం తగ్గడమో కారణం వెతకాలి.

మద్యం సంగతి తప్పక అడగాలి. చివరిసారి ఎప్పుడు తాగారన్నది ముఖ్యం. మానేసిన 6 నుంచి 24 గంటల్లో నిద్రలేమి, వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 నుంచి 96 గంటల మధ్య ప్రాణాంతకమైన డెలిరియం ట్రెమెన్స్ (వణుకుతో కూడిన తీవ్ర మతి గందరగోళం) రావచ్చు. మోకాలి ఆపరేషన్‌కని చేరి మూడో రోజు కేకలు పెట్టే రోగి కథ సర్జికల్ వార్డులకు కొత్త కాదు. తిండి మాని తాగుతున్నవారికి గ్లూకోజ్ ఎక్కించేముందే థయమిన్ (విటమిన్ బీ1) ఇవ్వాలని డాక్టరుకు గుర్తుచేయడం నర్సు బాధ్యత. మెడికల్ షాపులో కొని రోజూ వేసుకునే అల్ప్రాజోలం అనే మత్తు మాత్ర గురించీ అడగాలి, వార్డులో హఠాత్తుగా ఆగితే నిద్ర పూర్తిగా పోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

ఇక తిండి. మన దగ్గర ‘అన్నం తిన్నారా’ అన్నది పలకరింపు; దానికి ‘తిన్నా’ అన్నదే జవాబు. అందుకే నిన్న పొద్దున లేచింది మొదలు ఏమేం తిన్నారో, ఎంత తిన్నారో పూటపూటకీ చెప్పించాలి. క్యారేజీ తెరిచి చూసినా చాలు, సగం మజ్జిగన్నం అలాగే ఉంటే తెలిసిపోతుంది. బరువు నోటిమాటగా కాక మిషన్ మీదే చూడాలి. మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా 5 నుంచి 10 శాతం తగ్గితే, పోషకాహార లోపం ముప్పును అంచనా వేసే మస్ట్ పద్ధతిలో ఒక మార్కు, 10 శాతం దాటితే రెండు. అంటే 60 కిలోల మనిషి 54కు దిగిపోతే ప్రమాదపు గీత దగ్గర ఉన్నట్టే. బీఎంఐ (ఎత్తును బట్టి వేసే బరువు లెక్క) 18.5 కన్నా తక్కువైతే మరో రెండు. మొత్తం 2 వస్తే డైటీషియన్‌ను పిలవాలి. నిలబడలేనివారికి జబ్బ మధ్యలో టేపు చుట్టి కొలవాలి, 23.5 సెంటీమీటర్లకు తక్కువుంటే బీఎంఐ 20 లోపే ఉండొచ్చు. ఐదు రోజులు దాటి ఏమీ తిననివారికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టించడం ప్రమాదం. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది.

తినకపోవడానికి కారణాలు వేరుగా రాయాలి: ఆకలే లేదా, రుచి పోయిందా, పళ్లు లేవా, డబ్బు లేదా, వండిపెట్టే మనిషే లేదా? శనివారం ఒక్కపొద్దు, కార్తీక ఉపవాసం, రంజాన్ రోజా లక్షణాలు కావు. మరోవైపు అర్ధరాత్రి లేచి తినడం, అకస్మాత్తుగా బరువు పెరగడం కూడా నమోదు చేయాల్సినవే. హిమోగ్లోబిన్, బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. ఇవి తగ్గి నీరసమైనవారు కుంగుబాటు రోగుల్లా కనిపిస్తారు. రిపోర్టు తేడాగా వచ్చినంత మాత్రాన మనసు సంగతి వదిలేయడమూ పొరపాటే, రెండూ కలిసి ఉండొచ్చు.

పీహెచ్‌క్యూ-2కు పూర్తి రూపమైన, తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9లో మూడు, నాలుగు, ఐదు ప్రశ్నలు వరుసగా నిద్ర, అలసట, ఆకలివి. కీమో తీసుకుంటున్న రోగికి ఈ మూడింటితోనే 9 రావచ్చు, 10 వస్తే అనుమానించాలన్నది ప్రమాణం. కాబట్టి మొత్తం చూసి భయపడకుండా మొదటి రెండు ప్రశ్నల (ఆసక్తి, దిగులు) జవాబులు చూడాలి. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏ మార్కు వచ్చినా అదే షిఫ్టులో డ్యూటీ డాక్టరుకు చెప్పాలి, రోగిని ఒంటరిగా వదలకూడదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అత్తగారో భర్తో పక్కన నిలబడి జవాబులు అందిస్తుంటే ఈ ప్రశ్నకు నిజం రాదు. అటెండర్‌ను మందుల చీటీ ఇచ్చి బయటికి పంపి అడగడమే మార్గం. బాలింతల వార్డులో ‘బిడ్డ పడుకున్నప్పుడైనా మీకు నిద్ర పడుతోందా అమ్మా’ అన్న ఒక్క ప్రశ్న ఎంతో చెబుతుంది. పట్టట్లేదంటే ప్రసవం తర్వాతి కుంగుబాటును పసిగట్టే ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని పదీ అడగాలి.

రాత్రి షిఫ్టులో ఒకే నర్సు వార్డంతా చూసే చోట ఇంకో ఫారం అంటే ఇంకో భారమే, అది వారి ఫిర్యాదు కాదు, వాస్తవం. కాబట్టి కొత్త రిజిస్టర్ వద్దు. అడ్మిషన్ షీట్‌లోనే నాలుగు గళ్లు పెంచాలి: నిద్ర గంటలు, బరువు మార్పు, పీహెచ్‌క్యూ-2, మద్యం. విజయవాడ, గుంటూరుల్లో ఉన్న నర్సింగ్ కళాశాలల విద్యార్థినులకు పోస్టింగుల్లో ఈ ప్రశ్నలు అడగడం నేర్పించి, స్టాఫ్ నర్సు సరిచూసేలా చేస్తే పని పంచుకోవచ్చు. మార్కు ఎక్కువైతే ఎవరికి ఫోన్ చేయాలో, రాత్రి సైకియాట్రీ డాక్టరు లేకపోతే ఏం చేయాలో అదే కాగితం అడుగున అచ్చువేయాలి. సైకియాట్రీ లేని నర్సింగ్ హోముల్లో 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 గోడ మీద ఉండాలి. అది 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనూ పలుకుతుంది. డిశ్చార్జి కాగితంలో బరువు, పీహెచ్‌క్యూ మార్కు, రెండు వారాల తర్వాత మళ్లీ చూడాల్సిన తేదీ రాసి, ఒక ప్రతి రోగి ఊరి ఏఎన్ఎంకు చేర్చాలి.