మట్టంచేరిలో కూలిన గోడ

కొచ్చికి వెళ్లిన తెలుగు యాత్రికుల్లో మట్టంచేరి యూదుల వీధి చూడకుండా వచ్చేవారు తక్కువ. చెప్పులు విడిచి, యూదుల ప్రార్థనా మందిరమైన పరదేశీ సినగాగ్‌లో అడుగుపెడతారు. కాళ్ల కింద చైనా నుంచి వచ్చిన నీలి తెలుపు పలకలు చూస్తారు. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవని గైడు చెబితే విని తలూపుతారు. (నిజానికి నమూనాలు కొన్నే. చేత్తో వేసినవి కాబట్టి గీతల్లో తేడా ఉంటుంది, అంతే.) బయటికొచ్చి గడియార స్తంభం దగ్గర ఫొటో దిగుతారు. అక్కణ్నుంచి ఇంకాస్త దూరం నడిస్తే కడవుంభాగం సినగాగ్ వస్తుంది. అంతదూరం ఎవరూ నడవరు. 2019 సెప్టెంబరు వానలకు అందులో కొంత భాగం కూలిపోయింది.

అది పదహారో శతాబ్దపు కట్టడం. అక్కడి యూదు సమాజం ఇజ్రాయెల్‌కు తరలిపోయాక ఏళ్ల తరబడి సరుకు గోదాముగా వాడారు. లోపలి చెక్కపని మాత్రం 1990ల్లోనే ఓడెక్కి జెరూసలేం చేరింది. అక్కడి ఇజ్రాయెల్ మ్యూజియంలో చెక్కిన పైకప్పును, పాత రంగులను శుభ్రపరిచి, ఒక గదినిండా తిరిగి అమర్చారు. ఒకే మందిరం. దాని లోపలి భాగం అక్కడ వెలుగులో ఉంది, గోడలేమో ఇక్కడ వానకు కరిగాయి.

కొచ్చి యూదుల చరిత్రను కాపాడాలనగానే పర్యాటక శాఖకు గుర్తొచ్చేది గడియార స్తంభమే. మా అభ్యంతరమూ అక్కడే. 1568లో పరదేశీ మందిరం కట్టుకున్నవారు ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) నుంచి తరిమివేతకు గురై వచ్చినవారు. తర్వాత అలెప్పో, బాగ్దాద్ వైపు నుంచి వచ్చినవారూ వారిలో కలిశారు. వీరెప్పుడూ కొద్దిమందే. వీరికి శతాబ్దాల ముందునుంచే కొడుంగల్లూరు పరిసరాల్లో ఉంటూ, మలయాళమే ఇంటి భాషగా బతికిన మలబారు యూదులు చాలా ఎక్కువమంది. కొచ్చిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పోయిన శతాబ్దం దాకా ఎనిమిది సినగాగ్‌లు ఉండేవి. ఏడు మలబారు యూదులవే. మట్టంచేరిలో రెండు, ఎర్నాకుళంలో రెండు, పరవూర్, చేందమంగళం, మాళ ఊళ్లలో ఒక్కొక్కటి. మట్టంచేరిలోని రెండోదైన తెక్కుంభాగం నేలమట్టమైంది. పరవూర్, చేందమంగళం మందిరాలను పాత రేవు పట్టణం ముజిరిస్ పేరిట పెట్టిన వారసత్వ ప్రాజెక్టు కింద బాగుచేసి మ్యూజియంలుగా తెరవడం కేరళ ప్రభుత్వం చేసిన మంచి పని. మట్టంచేరి, ఎర్నాకుళం నగర మందిరాలకు ఆ పాటి అదృష్టం పట్టలేదు.

వెయ్యో సంవత్సరం ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ యూదు పెద్ద జోసెఫ్ రబ్బాన్‌కు 72 హక్కులిస్తూ రాయించిన రాగి శాసనం ఈ చరిత్రకంతటికీ మొదటి సాక్ష్యం. 2017 జులైలో ప్రధాని మోదీ ఇజ్రాయెల్ ప్రధానికి బహూకరించింది దాని నకలునే. శాసనం పుట్టినప్పటికి పరదేశీ మందిరం ఊహలో కూడా లేదు. అయినా ఆ రేకులు ఉన్నది పరదేశీల చేతిలో. 1344–45 నాటి కొచ్చంగాడి సినగాగ్ శిలాఫలకాన్నీ తెచ్చి పరదేశీ ప్రాంగణపు గోడలోనే పొదిగారు. ఎవరి కట్టడం నిలిచిందో వారి ఖాతాలోనే మిగతావారి గతమూ జమ అవుతుందనడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు.

పరదేశీ మందిరం లోపల జరిగిన ఒక పోరాటాన్నీ పర్యాటక కరపత్రాలు దాటవేస్తాయి. బానిసత్వం నుంచి విముక్తి పొందిన కుటుంబాల సంతతికి అక్కడ బెంచీల మీద చోటుండేది కాదు, బయటి గదిలో నేల మీద కూర్చోవాలి. ఆ కుటుంబాల్లోనే పుట్టిన న్యాయవాది ఎ.బి. సేలం (1882–1967) దీనిపై మందిరంలోనే సత్యాగ్రహం చేశారు. ‘యూదు గాంధీ’ అన్న పేరు ఆయనకు అలా వచ్చింది. ఆయన రాసుకున్న డైరీలు మిగలబట్టే ఈ సంగతులు ఇంత వివరంగా తెలుస్తున్నాయి. ఆలయ ప్రవేశ పోరాటాలు చూసిన తెలుగువారికి ఈ కథ కొత్తేమీ కాదు. ప్రదర్శన ఫలకం మీద గడియారానికి పది వాక్యాలిచ్చి, దీనికి ఒక్కటీ ఇవ్వకపోవడాన్ని పరిరక్షణ అనలేం.

మరి ఏం చేయాలి? ముందు కట్టడం సంగతి. ఇక్కడి పాత గోడలు లాటరైట్ అనే ఎర్రటి, సన్నటి రంధ్రాలున్న రాయివి, గానుగ సున్నంతో కట్టినవి. లాటరైట్ నీరు పీలుస్తుంది, ఎండకు వదులుతుంది. పైపూత సున్నమైతే ఆ రాకపోకలకు అడ్డురాదు. మరమ్మతు పేరుతో సిమెంటు పూస్తే నీరు లోపలే ఇరుక్కుంటుంది, అందులోని ఉప్పు పూత వెనక పేరుకుంటుంది, నాలుగైదు వానాకాలాల్లో పూత రాతి పొరతో సహా పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు గుత్తేదారు మళ్లీ సిమెంటే పూస్తాడు. సరైన పని ఒక పాలు సున్నం, రెండున్నర నుంచి మూడు పాళ్లు ఇసుక కలిపి పలుచటి పూతలు వేయడం, ఒక్కో పూత మీద గోనెపట్టా కప్పి రోజుల తరబడి తడుపుతూ ఉండటం. వానాకాలంలో ఈ పని సాగదు. టెండరు పిలిచే అధికారులు సంతకాలు జూన్ దాకా సాగదీస్తే ఏడాది పోయినట్టే.

గోడ కూలడం గోడతో మొదలు కాదు. పైకప్పులో నాలుగు మంగళూరు పెంకులు జారతాయి. నీరు గోడ తలమీది దూలంలోకి దిగుతుంది. దూలం చివర పుచ్చుతుంది, చెద పడుతుంది. కప్పు బరువు పక్కకు తోస్తుంది, తడిసిన గోడ బయటికి ఒరుగుతుంది. ఏటా మే నెలలో ఇద్దరు పనివాళ్లు, ఒక నిచ్చెన, కొన్ని పెంకులుంటే ఆగే పని, పదేళ్లు వదిలేస్తే కోట్ల అంచనా అవుతుంది. ప్రతి సినగాగ్‌కూ ఏటా ఖర్చయ్యే చిన్న నిర్వహణ పద్దు కావాలని మేం అడుగుతున్నాం. ప్రారంభోత్సవ ఫలకం దానికి అవసరం లేదు.

సమాధుల సంగతి ఇంకా తొందర. భారతదేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో అతి పాతదిగా పేరున్నది చేందమంగళం సినగాగ్ ముందున్న సారా బత్ ఇజ్రాయెల్ సమాధి రాయి. మరణ తేదీ యూదుల కిస్లేవ్ నెల, క్రీ.పూ. 312లో మొదలైన సెల్యూకస్ శకం 1581. కిస్లేవ్ డిసెంబరు దాటని నెల కాబట్టి 312 తీసేయాలి, 1269 వస్తుంది. తేదీ జనవరిలో గానీ ఆ తర్వాత గానీ పడితే 311 తీయాలి. తర్వాతి కాలపు సమాధుల మీద యూదుల సృష్టి శకం ఉంటుంది, అదీ అంకెల్లో కాకుండా అక్షరాల్లో. తావ్, షిన్, యోద్, ఆలెఫ్ అని నాలుగక్షరాలు కనిపిస్తే 400, 300, 10, 1 కలిపి 711. అయిదు వేలు రాయకుండా వదిలేస్తారు. దానికి 1240 కలిపితే 1951. శరత్తులో వచ్చే యూదు కొత్త సంవత్సరం నుంచి డిసెంబరు చివరిదాకా ఉన్న తేదీ అయితే ఒకటి తగ్గించాలి. ఈ లెక్క తెలియనివారు జాబితా చేస్తే ఎన్నో మరణాలు ఒక ఏడాది అటో ఇటో జరుగుతాయి.

సమాధుల మీద ఏటా సున్నం కొట్టడం భక్తితో చేసే పనే, కానీ సున్నం మీద సున్నం పడి చెక్కిన అక్షరాలు పూడిపోతున్నాయి. వాటిని తేల్చాలని ఇనుప బ్రష్షు, ఆమ్లం వాడితే అక్షరమే పోతుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్ది ఫొటో తీయడం మరో చెడు అలవాటు, దిద్దినవాడి ఊహే ఫొటోలో మిగులుతుంది. మెత్తటి నైలాను బ్రష్షు, మంచినీళ్లు, పొద్దున ఏటవాలు ఎండ చాలు. ఎండ లేనిచోట ఒకరు అద్దంతో వెలుగును పక్కనుంచి పారిస్తే అరిగిన గీత కూడా నీడగా తేలుతుంది. ప్రతి రాయికీ ఒక సంఖ్య, శ్మశానం పటంలో దాని చోటు, కొలబద్ద పక్కన పెట్టి మూడు ఫొటోలు, హీబ్రూ పాఠం ఉన్నదున్నట్టు. ఒక్కో రాయికి అరగంట పడుతుంది. ఎలా చూసినా ఇది ఒక శ్మశానానికి కొన్ని వారాల పనే. మాళలో శ్మశానం నేల మీద వివాదాలు ఎంతకాలం నడిచాయో చూశాక, పటం గీసి పెట్టుకోవడం చట్టపరంగానూ ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవీ, అన్నిటికన్నా ముందు పోయేవీ ఆడవాళ్ల పాటల పుస్తకాలు. మలబారు యూదు స్త్రీలు పెళ్లిళ్లలో, పండగల్లో మలయాళంలో పాడేవారు. ఆ పాటలను మలయాళ లిపిలో నోటుపుస్తకాల్లో రాసుకునేవారు, తల్లి పుస్తకం చూసి కూతురు రాసుకునేది. మగవాళ్లు ప్రార్థన హీబ్రూలో చదివితే, ఇంటి చరిత్రంతా ఆడవాళ్లు మలయాళంలో మోశారు. 1950ల మధ్యలో వేలమంది వెళ్లిపోయినప్పుడు ఈ పుస్తకాలూ పెట్టెల్లో వెళ్లాయి. ఇప్పుడవి ఇజ్రాయెల్‌లోని నేవాతిమ్, మెసిలత్ సియోన్, క్ఫార్ యువల్ వంటి ఊళ్లలో అల్మారాల్లో ఉన్నాయి. పండితులు కొన్ని సేకరించి అచ్చు వేశారు. మిగిలినవాటికి సిరా కాగితాన్ని తినేస్తోంది.

ఇటువంటి పుస్తకం చేతికొస్తే మనవాళ్లు చేసే మొదటి పని లామినేషన్. అది చేయకూడదు. వేడికి సిరా మారుతుంది, ప్లాస్టిక్‌ను మళ్లీ విడదీయలేం. సెల్లోటేపు అంటిస్తే అయిదారేళ్లలో జిగురు పసుపెక్కి అక్షరాన్ని మింగుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అట్టపెట్టెలో పడుకోబెట్టాలి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, కొచ్చి వానాకాలంలో అది 80 దాటుతుంది. కాబట్టి తేమ తగ్గించే యంత్రం లేని గదిలో పెట్టడం కన్నా, అది ఉన్నచోట పెట్టడం మేలు. స్కానింగ్ అంగుళానికి 400 చుక్కలకు (డీపీఐ) తగ్గకూడదు, సన్నటి రాతకు 600. అట్ట, ఖాళీ పేజీలు, మధ్యలో దాచిన చీటీలు కూడా స్కాన్ చేయాలి, పుస్తకం ఎవరిదో చెప్పేది తరచూ ఆ చీటీలే. మూడు నకళ్లు ఉండాలి, ఒకటి వేరే ఊళ్లో. పాడగలిగిన వృద్ధురాలు ఉంటే పేజీ ఎదుట పెట్టి పాడించి రికార్డు చేయాలి, రాతలో లేని రాగం ఆవిడ గొంతులోనే ఉంది. 1954లో పదేళ్ల పిల్లగా ఓడెక్కినవారికి ఇప్పుడు ఎనభై దాటాయి. 2024 ఆగస్టులో మట్టంచేరి పరదేశీ సమాజపు చివరి మహిళ 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పదిమంది పురుషులుంటే గానీ సామూహిక ప్రార్థన జరపకూడదన్న నియమం అక్కడ నెరవేరక చాలాకాలమైంది.

చినిగిన హీబ్రూ ప్రార్థన పుస్తకాల విషయంలో మరో జాగ్రత్త. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులు పారేయరు, భూమిలో పాతిపెడతారు. స్కాన్ చేశాక మిగిలినదాన్ని చిత్తుగా తూకానికి వేసే హక్కు ఏ మ్యూజియం ఉద్యోగికీ లేదు. సమాజాన్ని అడిగి చేయాలి.

పాత వస్తువుల దుకాణాల సంగతి వేరు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన వస్తువు, 75 ఏళ్లు నిండిన రాతప్రతి పురావస్తువులే, కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప మరెవరూ వాటిని దేశం దాటించకూడదు. కానీ ఏ మందిరంలో ఏమున్నదో జాబితాయే లేకపోతే, పోయిందని ఎవరు చెప్పగలరు? ఎర్నాకుళంలోని రాష్ట్ర అభిలేఖాగారంలో కొచ్చి సంస్థానపు దస్త్రాలున్నాయి. డచ్ కంపెనీ కొచ్చి దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. కంపెనీకి మిరియాలు కూర్చిన ఎజెకియల్ రహబీ (1694–1771) బేరసారాలు ఆ కాగితాల్లో వెతకాలి. ఈ రెండుచోట్లా యూదు సంబంధ దస్త్రాలకు ఒకే సూచిక తయారుచేయడం ఇద్దరు పరిశోధకులు రెండేళ్లలో చేయగల పని.

మనకూ ఇందులో వాటా ఉంది. గోల్కొండ వజ్రాల కోసం పదిహేడో శతాబ్దంలో మద్రాసు వచ్చి స్థిరపడిన పోర్చుగీసు యూదు వర్తకుల చరిత్ర సగం మన గనులదే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం తెలుగులో మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటిస్తోంది. వారి మూలాల మీద పండితులు వాదించుకోనివ్వండి. తీర్పు వచ్చేదాకా ఆగకుండా, ఆ ఊరి పెద్దల మాటలను 48 కిలోహెర్ట్జ్‌లో, వారి రాతపూర్వక అనుమతితో, ఏది ఎవరు వినవచ్చో వారే నిర్ణయించేలా రికార్డు చేయించే బాధ్యత మన విశ్వవిద్యాలయాలది. మంచి మైకు, నిశ్శబ్దంగా ఉండే గది, తెలుగు బాగా వచ్చిన విద్యార్థి ఇద్దరు ఉంటే వచ్చే వేసవి సెలవుల్లో మొదలుపెట్టవచ్చు.