రొయ్యల షెడ్డు మనుషులతో ఏ భాషలో మాట్లాడాలి?

భీమవరం దగ్గర ఒక ఊరు. రొయ్యల ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఒడిశా, బెంగాల్ కూలీలు ఉంటారు. వాళ్ళ మాట మనకీ, మన మాట వాళ్ళకీ చెప్పడానికి సబ్‌సెంటర్‌లో ఒక దుబాసీని పెట్టమని నర్సమ్మ పంచాయతీకి అర్జీ పెట్టింది. రిటైరైన మాస్టారు అడ్డుపడ్డారు. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే.

మాస్టారు: దుబాసీ దేనికమ్మా? ఉన్నచోటి భాష వాళ్ళే నేర్చుకుంటారు. మనవాళ్ళు కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ పోయినప్పుడు ఎవరు పెట్టారు దుబాసీని?

నర్సమ్మ: పెట్టలేదు కాబట్టేనండీ, అప్పిచ్చి తీసుకెళ్ళిన మేస్త్రీ ఏం చెబితే అదే వేదమైంది. ఇక్కడా అంతే. మొన్న ఏడో నెల గర్భిణి వచ్చింది. కాళ్ళు వాచాయి, బీపీ బాగా ఎక్కువ. తలనొప్పి ఉందా, కళ్ళు మసకబారుతున్నాయా అని అడగాలి. ఉంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. నేను ఇంతసేపు చెబితే మేస్త్రీ ఆవిడతో రెండు ముక్కలన్నాడు. ఆవిడ తల ఊపింది. "ఏం లేదంట, పనికి తీసుకుపోతా" అన్నాడు నాతో.

మాస్టారు: చిక్కంతా ఆ మేస్త్రీతోనే కదా! నువ్వు పెట్టే దుబాసీ ఇంకో మేస్త్రీ కాడని ఏంటి నమ్మకం? రేషన్ డిపో దగ్గర చూడు. సొంతూరి కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. 2019లో ఆ పద్ధతి మొదలుపెట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం. కార్డుకి ఆధార్ కలిపి ఉంటే వేలిముద్ర వేసి తీసుకోవడమే. ఆ సంగతి తెలియక ఒకడికి కమిషన్ ఇచ్చుకుంటున్నారు. నాలుగు ముక్కలు తెలుగొస్తే ఎవడి దగ్గరా చేయి చాపక్కర్లేదు.

(ఇక్కడ మాస్టారి మాటే నెగ్గిందనిపించింది నాకు.)

నర్సమ్మ: రోజంతా ఐసులో చేతులు పెట్టి రొయ్య తలలు తీసే మనిషి ఎప్పుడు నేర్చుకుంటుందండీ? పిల్లలైతే నేర్చుకుంటారు. టీసీ లేదని బడిలో చేర్చుకోవడం లేదు.

మాస్టారు: టీసీ రాలేదని ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. రేపు నేనే వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడతాను.

నర్సమ్మ: మీ అక్కగారిది యానాం కదండీ. పుదుచ్చేరి సర్కారు భాష తమిళం. యానాంలో తెలుగు వాడుకోవచ్చని 1965 చట్టంలో రాశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆవిడ పింఛను కాగితం ఎవరు చదివిపెట్టేవారు?

మాస్టారు: అదీ ఇదీ ఒకటేనా? యానాం వాళ్ళు తరతరాలుగా అక్కడే ఉన్నారు. వీళ్ళు సీజన్ అయితే వెళ్ళిపోయేవాళ్ళు.

నర్సమ్మ: కాన్పు సీజన్ చూసుకుని రాదు కదండీ.

మాస్టారు: సరే, ఎవర్ని పెడతావు? మేస్త్రీ తాలూకు మనిషిని మాత్రం ఒప్పుకోను.

నర్సమ్మ: షెడ్డులోనే బరంపురం వైపు ఆవిడ ఒకరున్నారు. ఒడియా, తెలుగు రెండూ వచ్చు. ఆడవాళ్ళు ఆవిడ దగ్గర నోరు విప్పుతారు.

మాస్టారు: మరి బెంగాలీ వాళ్ళకి?

నర్సమ్మ: ప్రస్తుతానికి ఆవిడకొచ్చిన హిందీతోనే నెట్టుకురావాలి.

మాస్టారు: జీతం ఇచ్చే స్తోమత పంచాయతీకి లేదు. ఫ్యాక్టరీ వాళ్ళనడుగు.

నర్సమ్మ: ఫ్యాక్టరీ డబ్బిస్తే ఆవిడ ఎవరి మనిషవుతుందండీ?

మాస్టారు: ... ఆ అర్జీ ఇలా ఇవ్వు. జీతం సంగతి మళ్ళీ రాయాలి.