రోడ్డు మీదికి రావద్దు, మీ ఇల్లు రోడ్డు మీదే ఉన్నా సరే

1936 అక్టోబర్ 2, శుక్రవారం. లండన్ యూదుల పెద్ద పత్రిక జ్యూయిష్ క్రానికల్ పాఠకులకు ఒక అత్యవసర హెచ్చరిక అచ్చేసింది. ఆదివారం బ్రిటన్ ఫాసిస్టుల నాయకుడు ఓస్వాల్డ్ మోస్లీ, అతని నల్లచొక్కాల మూక తూర్పు లండన్‌లోని ఈస్ట్ ఎండ్‌లో కవాతు చేస్తారు, ఆ దారికి దూరంగా ఉండండి, తెలియక గొడవలో ఇరుక్కున్నా యూదు ద్వేషానికి సాయం చేసినట్టే అని.

ఎంత పెద్దమనిషి సలహా! ఇబ్బంది ఒక్కటే. యూదులు కిక్కిరిసి బతికే పేటలనే మోస్లీ కవాతుకి ఏరుకున్నాడు. అలాంటి పేటే అయిన స్టెప్నీలో ఒక దర్జీ ఉన్నాడనుకోండి. బుద్ధిమంతుడు. దూరంగా పోదామని తలుపు తీశాడు. గడప దాటితే రూటే! చటుక్కున లోపలికొచ్చాడు. కిటికీలోంచి చూద్దామా? మొహం కనబడితే నల్లచొక్కాల వాళ్లకి కోపమొస్తుంది. కర్టెన్ లాగాడు. ఇంతలో చంటాడు ఏడ్చాడు. యూదు పిల్లాడి ఏడుపు వీధిలోకి వినబడితే అది రాజకీయం కిందికి వస్తుందేమో! వాడి నోరు మూసి, పెళ్లాంతో సహా మంచం కింద దూరి, బ్రిటిష్ పౌరుడిగా తన బాధ్యత సంపూర్ణంగా నెరవేర్చాడు.

కవాతు ఆపమని అంతకుముందే లక్షకు దగ్గరగా సంతకాలు పెట్టి ప్రభుత్వానికి అర్జీ ఇచ్చారు. ఆపలేదు. అర్జీకి విలువ లేదు, వీధికెక్కితే తప్పు. ఇక మంచం కిందే గతి.

ఖర్మ, పాఠకులు మాట వినలేదు. 4వ తేదీన యూదులూ, ఐరిష్ రేవు కూలీలూ, కమ్యూనిస్టులూ వేలకు వేలుగా వచ్చిపడ్డారు. కేబుల్ స్ట్రీట్‌లో లారీని అడ్డంగా పడేశారు. దారి చేద్దామని వచ్చిన పోలీసుల నెత్తిన ఆడవాళ్లు మేడల మీంచి ఉచ్చకుండలు కుమ్మరించారు. పత్రిక భాషలో, యూదు ద్వేషానికి సాయం చేశారన్నమాట! చివరికి పోలీసు కమిషనరే మోస్లీని వెనక్కి పొమ్మన్నాడు.

మోస్లీ ఎవడో అందరికీ తెలుసు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు. తన్నడానికి వచ్చేవాణ్ని వదిలేసి, తన్నులు తినేవాడికి నడవడిక నేర్పే సొంత పత్రికను ఏమనాలి? సిగ్గులేదూ? మనం నోరెత్తితేనే వాళ్లకి మన మీద ద్వేషం పుడుతుందా? నోరు మూసుకున్నవాళ్లని వదిలేశారా?

వారం తిరగ్గానే, 11న, మైల్ ఎండ్ రోడ్డులో ఫాసిస్టు కుర్రమూక యూదుల షాపులు పగలగొట్టింది. నాలుగేళ్ల పాపను షాపు అద్దంలోంచి విసిరేసింది. ఆ పాప ఏ గొడవలో తలదూర్చిందో ఎడిటర్ గారే సెలవివ్వాలి.